తొమ్మిది సంస్థలకు ఒక గుమాస్తా: విశాఖ ఉమ్మడి కార్యాలయం డైరీ

ఏప్రిల్ 2025

అక్కయ్యపాలెంలో మేడ మీది గది ఖాయమైంది. అద్దె ఆరు వేలు, కరెంటు వేరు. ఇంటి యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. అడ్వాన్సు అడగలేదు గానీ, మెట్ల దగ్గర చెప్పులు గుట్టలుగా పడి ఉండకూడదని షరతు పెట్టారు. ఒక కంప్యూటర్, స్కానర్ ఉన్న ప్రింటర్, రెండు ఇనుప బీరువాలు. బీరువాలు పాతవే కొన్నాం. సముద్రం గాలికి ఈ ఊళ్లో కొత్త బీరువాకైనా నాలుగేళ్లలో తుప్పు పడుతుంది, ఆ మాత్రానికి కొత్తది ఎందుకు?

నగరంలోనూ చుట్టుపక్కలా పనిచేసే తొమ్మిది చిన్న సంస్థలకు ఒకే కార్యాలయం, ఒకే గుమాస్తా, ఒకే ఆడిటర్. ఇదీ ప్రయత్నం. కంచరపాలెంలో సాయంత్రం ట్యూషన్లు చెప్పే మాస్టారి సంఘం ఉంది. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) రోగుల వెంట వచ్చినవారికి భోజనం పెట్టే బృందం ఉంది. సబ్బవరం దగ్గర వృద్ధాశ్రమం, మధురవాడలో పిల్లల వసతి గృహం, గోపాలపట్నంలో వికలాంగులకు మూడు చక్రాల బళ్లు బాగుచేసి ఇచ్చేవారు, వీధి కుక్కలకు వైద్యం చేయించే కుర్రవాళ్లు, ఇలా. ఒక్కదానిలోనూ జీతం తీసుకునే లెక్కల మనిషి లేరు. కోశాధికారి అంటే ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక రాత్రి పూట రసీదులు సర్దుకునే మనిషి.

నేను ఉద్యోగమంతా లెక్కల విభాగంలోనే చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ప్రతి సంస్థా ‘దాతలను చూపించండి మేడమ్’ అనే అడిగింది. వాళ్ల బీరువాలు తెరిచి చూశాక నాకు వేరే సంగతి తోచింది. దాతలు వాళ్లకు ఉన్నారు. దాతకు రసీదు, రసీదుకు పద్దు, పద్దుకు ఆడిట్, ఆడిట్‌కు రిటర్ను. ఈ వరసలో ఎక్కడో ఒకచోట తెగింది. దాన్ని అతికే మనిషికి నెలకు పద్దెనిమిది వేలు ఇవ్వాలి. ఒక్కరి వల్ల కాదు, తొమ్మిదిమంది కలిస్తే అవుతుంది.

ఈ ఏడాదే తొందర ఎందుకంటే, ఆదాయపు పన్ను చట్టంలో ధర్మసంస్థల నమోదు పద్ధతి 2021 ఏప్రిల్ 1న మారింది. అంతకుముందు 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద ఒకసారి నమోదైతే అదే శాశ్వతం. అప్పటినుంచి 12ఏబీ కింద ఐదేళ్లకే ఇస్తూ వచ్చారు. అంతకుముందే నమోదై ఉన్నవారందరూ మళ్లీ నమోదయ్యారు కాబట్టి వారందరి గడువూ ఒకేసారి, 2026 మార్చి 31తో తీరిపోతుంది. ఆరు నెలల ముందే, అంటే సెప్టెంబర్ 30 లోపు, ఫారం 10ఏబీలో దరఖాస్తు పెట్టాలి. 80జీకి (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) మరో దరఖాస్తు. మా తొమ్మిదింటిలో ఏడింటిది ఇదే పరిస్థితి. ఈ తేదీ తెలిసినవారు ఇద్దరు.

ఏప్రిల్ ఆఖరు

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అందరం కూర్చున్నాం. ఏమేం కలిసి వాడుకుందామని అడిగితే మొదట వచ్చినవన్నీ వస్తువులే: ప్రొజెక్టర్, మైకు సెట్టు, మడత కుర్చీలు, టార్పాలిన్లు, వ్యాను. వ్యాను దగ్గర చర్చ బాగా వేడెక్కింది. పెట్రోలు ఎవరు పోయాలి, డెంటు పడితే ఎవరిది బాధ్యత, ఉగాదికి అందరికీ ఒకేరోజు కావాలంటే ఎలా. వ్యాను పక్కన పెట్టాం. మిగతావాటికి ఒక పుస్తకం పెట్టాం: తీసుకెళ్లినవారి సంతకం, తెచ్చిన తేదీ, ఏం విరిగిందో ఒక ముక్క. వాటి గురించి ఇక రాయను, అవి వాటంతట అవే నడుస్తున్నాయి.

కాగితాల పని కలిపి చేసుకుందామంటే మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ‘మా లెక్కలు వాళ్లు చూస్తారా?’ అని వృద్ధాశ్రమం నడిపే పెద్దావిడ నెమ్మదిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒకరి పద్దులు మరొకరికి కనబడవు, ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎవరి ఖాతా వారిదే, పాస్‌వర్డు వారిదీ గుమాస్తాదీ మాత్రమే అని కాగితం మీద రాసి సంతకాలు చేశాకే ఆవిడ ఒప్పుకున్నారు.

మే

గుమాస్తాగా గాజువాక నుంచి ఒక అమ్మాయి చేరింది. బీకాం చదివింది, ట్యాలీ వచ్చు. అంతకన్నా ముఖ్యం, తెలియనిది అడగడానికి మొహమాటపడదు.

వచ్చీ రావడంతోనే ఫారం 10బీడీ మీద పడింది. 80జీ ఉన్న సంస్థ, గడిచిన ఆర్థిక సంవత్సరంలో ఎవరు ఎంత విరాళమిచ్చారో మే 31లోపు ఈ ఫారంలో పంపాలి. అది పంపితేనే దాతకు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యమైతే రోజుకు రూ.200 చొప్పున రుసుము. రూ.2,000 దాటిన నగదు విరాళానికి 80జీ మినహాయింపే లేదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు వంటి వస్తువులకూ లేదు.

ఇక రసీదు పుస్తకాల సంగతి. వృద్ధాశ్రమం పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఒక పెద్దమనిషి పేరు, పక్కన రూ.5,000. ఆయన పాన్ కావాలని అమ్మాయి ఫోను చేసింది. అవతల నుంచి కొడుకు, ‘నాన్నగారు పోయి మూడేళ్లయిందండీ, ఆయన తద్దినానికి అన్నదానం చేయించాం’ అన్నాడు. పుస్తకం సగం ఇలాంటి పేర్లే. మన దగ్గర వర్ధంతికి, ఆబ్దికానికి ఇచ్చేవారు రసీదు మీద పోయినవారి పేరు ఉండాలని కోరతారు. ఆశ్రమం వారూ అలాగే రాసిస్తారు. చట్టానికి కావలసింది డబ్బిచ్చిన మనిషి పేరు, ఆయన పాన్ లేదా ఆధార్. ఒక్కో వరసకు ఒక్కో ఫోను. కొందరు దుఃఖం చెప్పుకున్నారు, కొందరు పాన్ అనగానే సైబర్ మోసమనుకుని పెట్టేశారు.

కొత్త రసీదు పుస్తకం అచ్చు వేయించాం, తొమ్మిది సంస్థలకూ ఒకే నమూనా, పైన ఎవరి పేరు వారిది. ‘దాత పేరు’, ‘పాన్ / ఆధార్’, ‘ఎవరి జ్ఞాపకార్థం’ అని మూడు వేర్వేరు గీతలు. కలిపి వేయించడం వల్ల అచ్చు ఖర్చు బాగా తగ్గింది. నాకు మాత్రం ఆ మూడో గీతే అసలు లాభం.

‘ఒక శ్రేయోభిలాషి’ పేరుతో ఉన్న రసీదులది మరో తంటా. ఎవరిచ్చారో తెలియని విరాళాలు మొత్తం విరాళాలలో 5 శాతాన్ని గానీ లక్ష రూపాయలను గానీ, ఏది ఎక్కువైతే దాన్ని, మించితే పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. మనవాళ్లెవరూ ఆ హద్దు దరిదాపుల్లో లేరు. అయినా దుకాణాల్లో పెట్టిన హుండీల డబ్బుకు వేరే పద్దు తెరిచాం.

ఇంకొకటి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జీ మినహాయింపు వర్తించదు. అందుకని చాలామంది దాతలు సర్టిఫికెట్ అడగడమే మానేశారు. వాళ్లు అడగలేదు కదా అని 10బీడీ వేయకుండా ఊరుకుందామని ఒక కోశాధికారి సలహా. దాత అడిగినా అడగకపోయినా మన బాధ్యత మనదేనని చెప్పవలసి వచ్చింది.

జూన్

నెలంతా డబ్బు పంచాయితీ. జీతం, అద్దె, కరెంటు, ఇంటర్నెట్, ఇంకు కలిపి నెలకు సుమారు ఇరవై ఏడు వేలు. సమానంగా పంచితే తలా మూడు వేలు. కుక్కల వైద్యం కుర్రవాళ్లు లేచి, ‘మాకు నెలకు వచ్చేదే నలభై వేలు మేడమ్, అందులో మూడు వేలు లెక్కలకే పోతే మందులకేం మిగులుతుంది?’ అన్నారు. సరే, ఆదాయాన్ని బట్టి పంచుదామంటే వృద్ధాశ్రమం వారికి కోపం: ‘మాకు నెలకు ఇరవై ఖర్చు వోచర్లు. వాళ్లకు రెండు వందలు. పని వాళ్లది, డబ్బు మాదా?’

ఇద్దరిదీ నిజమే. కుర్రవాళ్ల సంచీ నేనే విప్పి చూశాను. సూదిమందుకు రూ.38, గాజుగుడ్డకు రూ.25, ఆటోకు రూ.60. తడిసి, మడతలు పడి, సగం అక్షరాలు చెరిగిపోయిన థర్మల్ కాగితం బిల్లులు. గుమాస్తా కాలమంతా ఆ చిత్తు కాగితాలే తింటున్నాయి.

చివరికి కుదిరిన లెక్క ఇది: ఖర్చులో సగం అందరికీ సమానం, అంటే తలా రూ.1,500. మిగతా సగం వోచర్ల సంఖ్యను బట్టి. ఆ నెలలోనే కుర్రవాళ్లు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మందుల దుకాణంలో ఖాతా పెట్టించి, నెలకు ఒకే బిల్లు తెచ్చారు. వోచరుకు వెల కట్టగానే వోచర్లు తగ్గాయి. ఆదాయాన్ని బట్టి పంచి ఉంటే ఈ మార్పు వచ్చేది కాదు.

జీతానికి దాత కోసం కూడా ప్రయత్నించాం. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: అన్నదానానికి ఇస్తాం, పుస్తకాలకు ఇస్తాం, గుమాస్తా జీతానికి ఎందుకు? అన్నదానం లెక్క రాసేది ఎవరని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

21న బీచ్ రోడ్డులో యోగా దినోత్సవం. ప్రధాని వస్తున్నారని ఆ వారమంతా దారులు మళ్లించారు. మా సమావేశం తర్వాతి వారానికి వాయిదా.

జూన్ ఆఖరు

ఈ ఉమ్మడి కార్యాలయానికి ఒక రూపం ఉండాలి కదా అన్న ప్రశ్న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కొత్త సంఘం పెట్టాలంటే ఏడుగురు చాలు. సులువే. కానీ కాగితాల బరువు తగ్గించుకోవడానికి కాగితాలు అవసరమయ్యే మరో సంఘం పెట్టడమా? దానికీ పాన్, దానికీ ఆడిట్, దానికీ ఏటా కార్యవర్గం జాబితా. నేను గట్టిగా వద్దన్నాను.

దాని బదులు ఒక ఏర్పాటు అనుకున్నాం: వికలాంగుల సంస్థే గదినీ గుమాస్తానూ తన పేరున ఉంచుకుంటుంది, మిగతా ఎనిమిదీ తమ వాటా ఖర్చు దానికి చెల్లిస్తాయి. ఇక్కడ ఆడిటర్ ఆపారు. ధర్మసంస్థ రుసుము తీసుకుని సేవలు అందిస్తే అది వ్యాపారం కిందకు వస్తుందా అన్నది చూడాలన్నారు. ‘సాధారణ ప్రజోపయోగం’ కింద నమోదైన సంస్థకైతే అలాంటి రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అసలు ఖర్చుకో దానిపై నామమాత్రపు మొత్తానికో చేసే పనిని లాభాపేక్షతో చేసే వ్యాపారం నుంచి వేరు చేసి చూసింది. అందుకని ఆయన సూచన: ఒక్క రూపాయి మిగులు లేకుండా అసలు ఖర్చే పంచండి, దానికి వేరే పద్దు పెట్టండి, ఎవరికి ఎంత అన్నది ముందే ఒప్పందంలో రాయండి. అలాగే చేశాం. సేవల మీద జీఎస్టీ నమోదుకు హద్దు ఏడాదికి రూ.20 లక్షలు. మన మొత్తం దానికి చాలా దిగువ.

జులై

ఓటీపీల నెల. ట్యూషన్ సంఘం ఆదాయపు పన్ను పోర్టల్ ఖాతా తెరవాలి. నమోదైన ఫోను నంబరు పాత కార్యదర్శిది. ఆయన కొడుకు దగ్గర డాలస్‌లో ఉంటున్నారు. మనకు మధ్యాహ్నమైతే ఆయనకు నడిరాత్రి దాటుతుంది. పాపం, అలారం పెట్టుకుని లేచి ఓటీపీ చదివి వినిపించారు. అమ్మాయి టైపు చేసేలోపు దాని గడువు తీరింది. మళ్లీ పంపించి, మళ్లీ లేపి, మొత్తానికి లోపలికి వెళ్లాక చేసిన మొదటి పని ఆ నంబరు మార్చడం. ‘ఇక హాయిగా నిద్రపోవచ్చునా అమ్మా?’ అని ఆయన అడిగారు.

అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం. ఎన్నికై కొత్త కార్యవర్గం రాగానే చేసే తీర్మానంలోనే ఫోను నంబరు, ఈమెయిలు, బ్యాంకు సంతకాలు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్‌లో సభ్యుల వివరాలు, అన్నీ మార్చాలని ఒకే పేరా ఉంటుంది. ఆ పేరా అందరికీ ఒకటే, పేర్లు నింపుకోవడమే. కోశాధికారి సొంత ఈమెయిలులో ఏళ్ల తరబడి ఉన్న ఉత్తరాలను కూడా సంస్థ పేరుతో ఉన్న ఈమెయిలుకు మారుస్తున్నాం. నమోదైన ధర్మసంస్థలకు గూగుల్ వర్క్‌స్పేస్, కాన్వా ఉచితం. ఈ సంగతి కూడా చాలామందికి తెలియదు.

బైలాలు (సంఘం నియమావళి), మినిట్స్ పుస్తకాలు మరో లోకం. ‘తీర్మానించడమైనది’ అన్న మాట తప్ప ఏం తీర్మానించారో తెలియని పేజీలు కొన్ని. ఒక సంస్థ బైలాలు ‘అను’ అనే పాత తెలుగు ఫాంటుల్లో టైపు చేసినవి. మన కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఆంగ్ల అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా కనిపించాయి. యూనికోడ్‌కు మార్చి, ఒత్తులన్నీ సరిచూసి, పక్కనే ఇంగ్లిష్ అనువాదం చేయించాం. సంఘాల బైలాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి ఒక అనువాదం నాలుగింటికి పనికొచ్చింది. 2014 అక్టోబర్ 12న వచ్చిన తుపాను హుద్‌హుద్‌లో కాగితాలు తడిసిపోయిన సంస్థకు మాత్రం రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకృత నకలు తెచ్చుకోవడం తప్పలేదు.

సబ్బవరం ఆశ్రమానికి చిరునామా తిరకాసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక వారిది అనకాపల్లి జిల్లా. పాన్‌లో విశాఖపట్నం జిల్లా, బ్యాంకులో అనకాపల్లి జిల్లా. అన్నిచోట్లా ఒకటే ఉండేలా మార్పించడానికి నెల పట్టింది.

ఆగస్టు

వికలాంగుల సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉంది. వారి విదేశీ దాత ఒకరు ఈ ప్రయత్నం విని, తొమ్మిదింటి తరఫున ఆరు నెలల జీతం పంపుతానన్నారు. అందరి ముఖాలూ వెలిగాయి. కుదరదని నేనే చెప్పవలసి వచ్చింది. ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చులకు వాడగలిగేది కూడా 20 శాతమే. మిగతా ఎనిమిది సంస్థల వాటా ఆ డబ్బుతో కట్టడం ఆ నిషేధంలోకే వస్తుందని ఆడిటర్ అభిప్రాయం. డబ్బు వద్దని దాతకు ఉత్తరం రాయడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. నేనే రాశాను.

పరిశ్రమల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల కోసం ఫారం సీఎస్ఆర్-1 నమోదు మూడు సంస్థలకు చేశాం. ఈ ఊళ్లో పెద్ద పరిశ్రమలకు లోటు లేదు. కానీ వాటి సీఎస్ఆర్ విభాగాలు ఒకే సంస్థతో ఒకే పెద్ద ప్రాజెక్టు చేయడానికే మొగ్గుతాయి. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకూ లెక్క చెప్పవలసిన పని ఉంది.

మధురవాడ వసతి గృహం వారు పిల్లల ఫైళ్లు కూడా స్కాన్ చేసి పెట్టమన్నారు. వద్దన్నాం. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదు. నలుగురు వచ్చిపోయే గదిలో ఆ కాగితాలు ఉండటమే తప్పు. ఉమ్మడి కంప్యూటర్లో డబ్బు కాగితాలు ఉంటాయి, మనుషుల కాగితాలు ఉండవు. ఇది గోడకు అంటించాం.

సెప్టెంబర్

ఏడు సంస్థలకు రెండేసి చొప్పున 10ఏబీ దరఖాస్తులు. మూడేళ్ల లెక్కలు, బైలాలు, కార్యక్రమాల నివేదిక, దర్పణ్ సంఖ్య. నివేదికలే ఆలస్యం చేశాయి. పనిచేసేవారికి పని గురించి రాయడం రాదు. కేజీహెచ్ బృందం ఇచ్చిన నివేదిక ఒకటే వాక్యం: ‘ప్రతిరోజూ భోజనం పెడుతున్నాం.’ ఎంతమందికి, ఏ వార్డు దగ్గర, ఎవరు వండుతారు, బియ్యం ఎక్కడివి అని అమ్మాయి ఒక్కొక్కటే అడిగి రాసుకుంటే నాలుగు పేజీలైంది. అది చదివి ఆ బృందం పెద్దాయన, ‘ఇంత చేస్తున్నామా మేం?’ అన్నారు.

దరఖాస్తు వేయకపోతే ఏమవుతుందని మాస్టారు అడిగారు. 2023 నుంచి, గడువులోగా మళ్లీ నమోదుకు దరఖాస్తు పెట్టని సంస్థ ఆస్తుల నికర విలువ మీదే పన్ను వేయవచ్చు. మాస్టారికి ఉన్నవి బెంచీలు, బల్లలు. ఆశ్రమానికి దాత రాసిచ్చిన స్థలం ఉంది. ఆ సంగతి విన్న సాయంత్రమే ఆశ్రమం నుంచి మిగిలిన కాగితాలన్నీ వచ్చేశాయి.

ఒక ఊరట. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు, ముందు రెండేళ్లలో ఏ ఏడూ ఆదాయం రూ.5 కోట్లు దాటని సంస్థలకు 12ఏబీ నమోదు పదేళ్లకు ఇస్తారు. మా వాళ్లందరూ ఇందులోకే వస్తారు. 80జీ మాత్రం ఐదేళ్లే.

ఆఖరి వారంలో పోర్టల్ నత్తనడక. పగలు కదలకపోతే అమ్మాయి రాత్రి ఇంటి దగ్గర నుంచి వేసింది. అన్నీ 28 నాటికి వెళ్లిపోయాయి. అదనపు వేళలకు విడిగా డబ్బు ఇవ్వాలని నేను పట్టుబట్టాను. సేవా సంస్థ కదా అని ఒకరు గొణిగారు. సేవ మనది, ఉద్యోగం ఆ అమ్మాయిది.

అక్టోబర్

ఆడిట్ నివేదికల గడువు సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 31కి పొడిగించారు. మా వారికి వేయవలసిన ఆడిట్ ఫారం 10బీబీ. ఎఫ్‌సీఆర్‌ఏ నిధులు అందుకునే వికలాంగుల సంస్థకు మాత్రం 10బీ. తొమ్మిది సంస్థల పద్దులు ఒకే తీరులో, ఒకే చోట ఉండటంతో ఆడిటర్ తన రుసుము తగ్గించారు. గోనెసంచీల్లో బిల్లులు తేవడం లేదు, అదే చాలన్నారు.

నెలాఖరున మొంథా తుపాను. ముందురోజే కింది అరల్లోని ఫైళ్లు పైకి సర్దాం. గదిలోకి నీళ్లు రాలేదు, కిటికీ వైపు గోడ చెమ్మ ఎక్కింది. బీరువాను ఆ గోడ నుంచి జరపాలి.

10ఏబీ మీద ఉత్తర్వులు, దరఖాస్తు అందిన త్రైమాసికం ముగిశాక ఆరు నెలల్లో రావాలి, అంటే మార్చి 31లోగా. రెండు సంస్థలకు అప్పుడే వివరణ కోరుతూ నోటీసులు వచ్చాయి. అడిగిన బిల్లులు స్కాన్ చేసి ఉన్నాయి కాబట్టి జవాబులు వెంటనే వెళ్లాయి.

చేరతామని మరో నాలుగు సంస్థలు అడుగుతున్నాయి. తొమ్మిదికే అమ్మాయికి ఊపిరాడటం లేదు. పదమూడు చేస్తే రెండో గుమాస్తా కావాలి, అప్పుడు ఒక్కొక్కరి వాటా పెరుగుతుందా తగ్గుతుందా అన్నది వోచర్ల లెక్క తీస్తే గానీ తెలియదు. కొత్తవారి నుంచి గత మూడు నెలల వోచర్లు తెప్పించమని చెప్పాను. కుక్కల వైద్యం కుర్రవాళ్లు తమ మందుల దుకాణం ఖాతా సంగతి వాళ్లకు చెప్పే పని తీసుకున్నారు. ఈ లోపు అమ్మాయి జీతం రెండు వేలు పెంచాలన్న తీర్మానం నవంబర్ సమావేశంలో పెడుతున్నాను. ఇద్దరు వ్యతిరేకిస్తారని తెలుసు.